చేతులు సహకరించకపోయినా మౌస్ కదపొచ్చు: తల కదలికతో కంప్యూటర్ నడిపేదెలా?

రోడ్డు ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే చాలామందికి చేతులు చచ్చుబడిపోతాయి. తల మాత్రం తిప్పగలరు. మస్క్యులర్ డిస్ట్రఫీ, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలోనూ కొందరిది ఇదే పరిస్థితి. మరోవైపు పింఛను వివరాలు, కుల ధ్రువీకరణ పత్రం, కరెంటు బిల్లు, బ్యాంకు పని అన్నీ ఆన్‌లైన్‌లోకి వచ్చేశాయి. క్యూలో నిలబడే అవస్థ తప్పిన మాట నిజమే. కానీ మౌస్ పట్టుకోలేని మనిషి తన ఆధార్ నంబరు, పాస్‌వర్డ్, ఓటీపీ ఇంట్లోవాళ్లకో, నెట్ సెంటర్‌లో కూర్చున్న కుర్రాడికో చెప్పుకోవాల్సి వస్తోంది. తన బ్యాంకు ఖాతాలో ఎంత ఉందో తానొక్కడే చూసుకునే వీలు కూడా ఉండదు.

ఈ పరిస్థితిని కొంతైనా మార్చగల సాధనం చాలామంది ఇళ్లలో ఇప్పటికే ఉంది. అదే ల్యాప్‌టాప్ పైభాగంలో ఉండే చిన్న కెమెరా. దానికి ఒక ఉచిత ప్రోగ్రామ్ తోడైతే తల ఎటు కదిలితే పాయింటర్ అటు కదులుతుంది. దీన్నే హెడ్ ట్రాకింగ్ అంటారు.

కెమెరా ఏం చూస్తుంది?

అమెరికాలోని బోస్టన్ కాలేజీలో జేమ్స్ గిప్స్, మార్గ్రిట్ బెట్కే తదితరులు రూపొందించిన ‘కెమెరా మౌస్’ ఈ కోవలో బాగా పేరున్న పాత ప్రోగ్రామ్. 2007 నుంచి దాన్ని ఉచితంగా ఇస్తున్నారు. తెర మీద కనిపించే మీ ముఖంలో ముక్కు కొననో, కనుబొమల మధ్య చోటునో ఎంచుకుంటే, ప్రోగ్రామ్ ఆ చిన్న చుక్కను వెంబడిస్తుంది. తల గబుక్కున తిప్పితే చుక్క చెంప మీదకు జారిపోవచ్చు, అప్పుడు మళ్లీ సరిచేసుకోవాలి. తర్వాత వచ్చినవి ముఖం మొత్తాన్ని గుర్తుపట్టి కదలికను లెక్కిస్తాయి. విండోస్, లినక్స్‌లపై నడిచే ‘ఇనేబుల్ వయాక్యామ్’ అలాంటిదే, అదీ ఉచితమే.

ఇక్కడ చాలామంది ఒక విషయంలో పొరబడతారు. ముక్కు ఎటు చూపిస్తే పాయింటర్ సరిగ్గా అక్కడికే వెళ్తుందనుకుంటారు. అలా కాదు. తల ఎంత జరిగిందో చూసి, దాన్ని కొన్ని రెట్లు పెంచి పాయింటర్‌ను జరుపుతుంది. అందుకే కాసేపయ్యాక తల ఎడమకు ఒరిగి ఉన్నా, పాయింటర్ తెర మధ్యలో నిలిచిపోవచ్చు. అప్పుడు కంగారుపడక్కర్లేదు. తలను కుడివైపు బాగా తిప్పి పాయింటర్‌ను తెర అంచుకు ఆనించి, ఇంకొంచెం ముందుకు తిప్పాలి. అంచు దగ్గర పాయింటర్ ఆగిపోతుంది, తల మాత్రం కదులుతుంది. మళ్లీ మధ్యకు వచ్చేసరికి రెండూ కుదురుకుంటాయి. మామూలు మౌస్‌ను టేబుల్ మీద ఎత్తి పెట్టుకోవడం లాంటిదే ఇది.

అసలు చిక్కు క్లిక్‌తోనే

పాయింటర్ కదపడం గంటలో అలవాటవుతుంది. నొక్కడమెలా? ఎక్కువ ప్రోగ్రామ్‌లలో ఉన్న పద్ధతి, పాయింటర్‌ను ఒకచోట సెకను పాటు కదలకుండా ఉంచితే దానంతటదే క్లిక్ పడటం. దీన్ని డ్వెల్ క్లిక్ అంటారు. వినడానికి సులువుగా ఉంటుంది కానీ ఏదైనా చదువుతూ తల నిలిపితే చాలు, కింద ఉన్న లింకు తెరుచుకుంటుంది. అది ‘సబ్మిట్’ బటనో, ‘పే’ బటనో అయితే పరిస్థితి ఊహించుకోండి. ఇనేబుల్ వయాక్యామ్‌లో తెర పైన ఒక పట్టీ వస్తుంది. ఎడమ క్లిక్, కుడి క్లిక్, డబుల్ క్లిక్, డ్రాగ్‌లతో పాటు ‘క్లిక్ వద్దు’ అనే బటన్ కూడా అందులో ఉంటుంది. చదివేటప్పుడు ముందుగా దాన్ని ఎంచుకోవడం అలవాటు చేసుకోవాలి. అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

రెండో పద్ధతి ముఖ కవళికలు. నోరు తెరిస్తే క్లిక్, కనుబొమలు ఎత్తితే డ్రాగ్ అని మనమే పెట్టుకోవచ్చు. గూగుల్ 2023 మేలో విడుదల చేసిన ‘ప్రాజెక్ట్ గేమ్‌ఫేస్’ ఇలా పనిచేస్తుంది. మస్క్యులర్ డిస్ట్రఫీ ఉన్న అమెరికన్ గేమర్ లాన్స్ కార్‌తో కలిసి దీన్ని తయారుచేశారు. ఇల్లు అగ్నిప్రమాదంలో కాలిపోయినప్పుడు ఆయన వాడే ఖరీదైన హెడ్ మౌస్ పరికరం కూడా పోయింది. 2024లో ఆండ్రాయిడ్‌కు కూడా దీన్ని ఇచ్చారు కానీ అది డెవలపర్ల కోసం ఇచ్చిన కోడ్. భారత్‌కు చెందిన ఇన్‌క్లూజా సంస్థ అందులో భాగస్వామి.

మ్యాక్ ఉన్నవారు ఏదీ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, పాయింటర్ కంట్రోల్‌లోకి వెళ్తే ‘హెడ్ పాయింటర్’ ఉంటుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘కెమెరా స్విచెస్’ ఉంది. అందులో పాయింటర్ ఉండదు, తెర మీది బటన్లు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటే నవ్వో, కనుబొమో స్విచ్‌లా పనిచేసి ఎంచుకుంటుంది. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో ఐఓఎస్ 18 నుంచి కంటిచూపుతో నడిపే ఏర్పాటు వచ్చింది.

ఒక జాగ్రత్త. ఫోన్‌లో ఇలాంటి యాప్‌లన్నీ ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడుగుతాయి. డబ్బు కాజేసే నకిలీ యాప్‌లు అడిగేదీ అదే అనుమతిని. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలు నుంచి మాత్రం ఇన్‌స్టాల్ చేయకండి.

మొదటి రోజు విసుగు పుట్టకుండా

మొదలుపెట్టి మానేసినవారిలో చాలామందికి అడ్డొచ్చేది వెలుతురు. వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా పడి కెమెరా తడబడుతుంది. వెలుతురు ముఖం మీద పడాలి. కెమెరా కళ్ల ఎత్తులో, ఎదురుగా ఉండాలి. మంచం మీద పడుకుని వాడేవారికి ల్యాప్‌టాప్ కెమెరా సరిపోదు, విడి వెబ్‌క్యామ్‌ను స్టాండ్‌కు బిగించాలి. వేగం ఎక్కువ పెడితే పాయింటర్ వణుకుతుంది, తక్కువ పెడితే మెడ నొప్పి పుడుతుంది. మొదట్లో పదిహేను నిమిషాలకు మించి వద్దు. మెడకు గాయమైనవారు ముందు ఫిజియోథెరపిస్టును అడగాలి.

టైపింగ్‌కు విండోస్‌లోని ఆన్‌స్క్రీన్ కీబోర్డు ఉంది. దాని ఆప్షన్స్‌లో ‘హోవర్ ఓవర్ కీస్’ ఎంచుకుంటే అక్షరం మీద పాయింటర్ ఆగగానే అది పడుతుంది. దాంతోపాటు డ్వెల్ క్లిక్ కూడా ఆన్‌లో ఉంటే ఒకే అక్షరం రెండుసార్లు పడొచ్చు, ఒకటి ఆపేయండి. తెలుగులో పొడుగ్గా రాయాల్సి వస్తే మాత్రం తలతో ఒక్కో అక్షరం ఏరడం శిక్షే. గూగుల్ డాక్స్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది. మాట స్పష్టంగా ఉన్నవారు అక్కడ మాట్లాడి, తలతో కాపీ చేసుకోవడం మేలు.

తల తనంతట తాను ఊగిపోయేవారికి, మెడ నిలవనివారికి ఇది కుదరదు. వారికి కంటి ట్రాకింగో, ఒక్క బటన్ స్విచ్చో నయం.

ఇంత చేసినా ఫారం ముందు ఆగిపోతే

హెడ్ మౌస్ వాడే మనిషికి అసలు పరీక్ష ప్రభుత్వ, బ్యాంకు ఫారాల దగ్గరే ఎదురవుతుంది. 1974లో పుట్టినవారు చిన్న చిన్న బాణం గుర్తులు నొక్కుతూ క్యాలెండర్‌లో ఒక్కో నెలా వెనక్కి వెళ్లాలి. జిల్లా, మండలం, గ్రామం జాబితాలు తల కాస్త అదిరితే మూసుకుపోతాయి. సగం నింపేసరికి ‘సెషన్ ముగిసింది’ అంటుంది. బ్రౌజర్‌ను 150 శాతానికో, 200 శాతానికో పెద్దది చేస్తే బటన్లు అందుతాయి. ఆన్‌స్క్రీన్ కీబోర్డులోని ట్యాబ్ కీతో ఒక గడి నుంచి మరో గడికి వెళ్లొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ‘గూగుల్ మెసేజెస్’ను కంప్యూటర్ బ్రౌజర్‌తో ఒకసారి జతచేయించుకుంటే ఓటీపీ తెర మీదే కనిపిస్తుంది, ప్రతిసారీ ఒకరిని పిలవనక్కర్లేదు. ఆ కంప్యూటర్ మీ సొంతదైతేనే ఇలా చేయండి.

గడువు ముగిసే సెషన్‌కు మాత్రం వాడేవారి దగ్గర మందు లేదు. అది సైటు తయారుచేసినవారు చేయాల్సిన పని. అంతర్జాతీయ వెబ్ ప్రమాణాల్లో (2023లో వచ్చిన 2.2 రూపం) నొక్కే బటన్ కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలని, లాగాల్సిన ప్రతిదానికీ లాగకుండా చేసే దారి ఇవ్వాలని ఉంది. సమయం అయిపోయే ముందు హెచ్చరించి పొడిగించే వీలివ్వాలన్నది పాత నియమమే. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సేవలందించే ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు రెండూ కేంద్రం నిర్దేశించిన అందుబాటు ప్రమాణాలు పాటించాలి. ఉల్లంఘిస్తే తొలిసారి 10,000 రూపాయల వరకు, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన పిటిషన్లపై తీర్పిస్తూ, డిజిటల్ సేవలు అందుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణలో భాగమేనంది. కేవైసీలో మనిషి నిజంగా ఎదురుగా ఉన్నాడని తేల్చడానికి కళ్లార్పడం ఒక్కటే మార్గం కాకూడదని చెప్పింది. మొత్తం 20 ఆదేశాలిచ్చింది.

అడ్డంకి ఎదురైతే ముందు ఆ సేవ అందించే శాఖకు, తర్వాత రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ‘సైటు పనిచేయడం లేదు’ అని రాస్తే సర్వర్ గొడవ అనుకుని పక్కన పడేస్తారు. మీరు హెడ్ మౌస్ వాడతారని, ఏ పేజీలో ఏ గడి దగ్గర ఆగిపోయారని, ఫారం నింపడానికి మీకు ఎన్ని నిమిషాలు పట్టిందని, సెషన్ ఎన్ని నిమిషాలకు ముగిసిందని రాసి, ఆ తెర స్క్రీన్‌షాట్ జతచేయండి.