చూపులేనివారు తామే నింపుకోగలిగే ఫారం

మన సంఘాల్లో ఫారాలకు కొదవ లేదు. సభ్యత్వానికి ఒకటి, బాప్తిస్మానికి ఒకటి, పెళ్లి ప్రకటనకు ఒకటి, వి.బి.ఎస్.కు వచ్చే పిల్లల కోసం ఒకటి, యవ్వనస్థుల రిట్రీట్‌కు ఇంకొకటి. చాలావరకు ఇవి దగ్గర్లోని డి.టి.పి. సెంటర్‌లో తయారై, జిరాక్స్ అయి, ఆదివారం ఆరాధన తర్వాత చేతికి వస్తాయి. ఈమధ్య వాటిని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడమూ అలవాటైంది. చూపున్నవారికి ఇందులో ఇబ్బందేమీ లేదు. చూపులేని సహోదరి మాత్రం ఎవరినో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. తన వయసు, ఆదాయం, భర్తతో కలిసి ఉంటున్నదా లేదా, ప్రార్థన అవసరత ఏమిటి అన్నీ ఆ మనిషికి పైకి చెప్పాలి. చివరి గడిని ఖాళీగా వదిలేస్తున్నారంటే అవసరత లేక కాదు.

చూపులేనివారు కంప్యూటర్ మీద పనిచేయడం కొత్త సంగతి కాదు. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో చూపు సంబంధమైన వైకల్యం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. వారిలో డిగ్రీలు చదివి బ్యాంకుల్లో, బడుల్లో ఉద్యోగాలు చేస్తున్నవారు ఉన్నారు. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వారికి ఆధారం. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్, తానూ చూపులేనివారే, 2006లో మొదలుపెట్టిన ఎన్.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. అందులోనే వచ్చే గొంతు తెలుగునూ చదువుతుంది. కాస్త యంత్రంలా పలుకుతుంది గానీ, అలవాటైన చెవికి చాలు.

మరి అడ్డు ఎక్కడుంది? మొదటి అడ్డు అక్షరాల్లోనే. డి.టి.పి. సెంటర్లలో ఎక్కువగా వాడే అను ఫాంట్లు కంటికి తెలుగులా కనిపిస్తాయి. లోపల కంప్యూటర్ దాచుకునేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది, వినేవారికి ఒక్క ముక్క అర్థం కాదు. అందుచేత ఫారాన్ని యూనికోడ్ తెలుగులో టైపు చేయించండి. విండోస్‌లో ఉండే గౌతమి, నిర్మల ఫాంట్లు యూనికోడ్‌వే. వాట్సాప్‌లో పెట్టిన ఫోటో సంగతి చెప్పనక్కర్లేదు, అందులో నింపడానికి గడే ఉండదు.

రెండో అడ్డు, "పేరు" అని రాసి పక్కన బారుగా కొట్టే గీతలు. గీత మీద టైపు చేస్తే గీత పక్కకు జరుగుతుంది, వరుస చెదురుతుంది. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, అది ఏ ప్రశ్నకు జవాబో వినేవారికి తెలియదు. గీతలకు బదులు నిజమైన గడులు పెట్టాలి. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఆ ఏర్పాటు ఉంది గానీ మామూలుగా కనిపించదు. ఆల్ట్, ఎఫ్, టి ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే ఆప్షన్స్ తెరుచుకుంటుంది. అక్కడ కస్టమైజ్ రిబ్బన్‌కు వెళ్లి, జాబితాలో డెవలపర్ అన్నదానికి టిక్కు పెట్టాలి. ఇకమీదట ఆల్ట్, ఎల్ నొక్కితే డెవలపర్ ట్యాబ్ వస్తుంది. పేరు, చిరునామా రాయడానికి ప్లెయిన్ టెక్స్ట్ గడి, అవును కాదులకు చెక్ బాక్స్, నాలుగైదు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడానికి డ్రాప్ డౌన్ జాబితా అక్కడే ఉంటాయి. తేదీకి కేలండర్ గడి కూడా ఉంది గానీ, మా అభిప్రాయంలో మామూలు గడే మేలు. రోజు, నెల, సంవత్సరం ఏ వరుసలో రాయాలో ముందే చెబితే సరిపోతుంది.

ఈ పనంతా కీబోర్డుతోనే జరుగుతుందని గమనించారా? మౌస్ అక్కర్లేదు. అంటే ఫారాన్ని నింపడమే కాదు, తయారుచేయడం కూడా చూపులేనివారు చేయగలరు. మీ సంఘంలో స్క్రీన్ రీడర్ వచ్చిన యౌవనస్థుడు ఉంటే ఈ పని అతనికే అప్పగించండి. ఏ గడి దగ్గర మనిషి తికమకపడతాడో చూపున్న మనకంటే అతనికి బాగా తెలుసు.

గడి పెట్టడంతో పని అయిపోదు. దానికి పేరు పెట్టాలి. చాలామంది వదిలేసేది ఇదే, అసలు పని కూడా ఇదే. గడిలో కర్సర్ ఉంచి ప్రాపర్టీస్ తెరిస్తే టైటిల్ అని ఒక చోటు ఉంటుంది. ఎన్.వి.డి.ఎ. ఆ గడి దగ్గరికి రాగానే చదివేది ఆ టైటిల్‌నే. అది ఖాళీగా ఉంటే గడి మాత్రమే ఉందని తెలుస్తుంది, దేనికో తెలియదు. "తేదీ" అని ఊరుకోకుండా "బాప్తిస్మం తీసుకున్న తేదీ, రోజు నెల సంవత్సరం" అని రాయండి. జవాబు తప్పనిసరైతే "తప్పనిసరి" అనే మాటే పెట్టండి, ఎర్ర నక్షత్రం చాలదు. టైటిల్‌కు 64 అక్షరాల పరిమితి ఉంది కాబట్టి మాటలు పొదుపుగా వాడాలి. గడిలో ముందే ఉండే ఇంగ్లీషు వాక్యాన్ని డిజైన్ మోడ్‌లోకి వెళ్లి "ఇక్కడ రాయండి" అని మార్చవచ్చు.

ఇక అన్నిటికంటే పెద్ద చిక్కు తాళం దగ్గర వస్తుంది. ప్రశ్నలు చెరిగిపోకుండా రిస్ట్రిక్ట్ ఎడిటింగ్‌లో "ఫిల్లింగ్ ఇన్ ఫార్మ్స్" ఎంచుకుని ఫారానికి రక్షణ పెడతాం. అప్పుడు ట్యాబ్ నొక్కితే కర్సర్ ఒక గడి నుంచి ఇంకో గడికి చక్కగా వెళ్తుంది. కానీ గడుల మధ్య ఉన్న మాటల మీదికి ఇక కర్సర్ పోదు. "ఈ వివరాలు కాపరిగారు తప్ప ఇంకెవరూ చూడరు" అని మీరు రాసిన వాక్యం ఎవరికోసం రాశారో వారికే వినిపించదన్నమాట. దీనికి ఒక మార్గం, సూచనలన్నీ ఫారం మొదట్లో పెట్టి, వాటి తర్వాత సెక్షన్ బ్రేక్ ఇవ్వడం. అప్పుడు రక్షణ పెట్టేచోట సెలెక్ట్ సెక్షన్స్ ద్వారా రెండో భాగానికి మాత్రమే తాళం వేయవచ్చు. ఇంకో మార్గం, రక్షణ జోలికి పోకుండా కంట్రోల్, ఎ తో అంతా ఎంచుకుని డెవలపర్ ట్యాబ్‌లోని గ్రూప్ నొక్కడం. మాటలు చెరగవు, బాణం మీటలతో వాటిని చదువుకోనూ వచ్చు. చిన్న సంఘానికి మేము ఈ రెండోదే సూచిస్తాము. మొదటి మార్గమే ఎంచుకుంటే పాస్‌వర్డ్ పెట్టకండి. ఎవరైనా మధ్యలో చిక్కుకుంటే తాళం తీసుకుని బయటపడే వీలుండాలి.

అందం కోసం టెక్స్ట్ బాక్సుల్లో ప్రశ్నలు పెట్టవద్దు, అవి చదివే వరుసలోకి రావు. తయారైన ఫారాన్ని పి.డి.ఎఫ్.గా మార్చి పంపితే గడులన్నీ ఉత్త బొమ్మలవుతాయి, నింపడం కుదరదు. వర్డ్ ఫైలునే పంపాలి. కంప్యూటర్ లేక ఫోను మాత్రమే ఉన్నవారికి అవే ప్రశ్నలతో గూగుల్ ఫారం పంపడం సులువు.

పంపేముందు ఒక్కసారి పరీక్షించండి. రివ్యూ ట్యాబ్‌లోని చెక్ యాక్సెసిబిలిటీ కొన్ని లోపాలు చూపిస్తుంది గానీ, "తేదీ" అన్న టైటిల్ చాలదని అది చెప్పలేదు. ఎన్.వి.డి.ఎ. పెట్టుకుని, మానిటర్ ఆపేసి, మొదటి గడి నుంచి చివరి గడి దాకా మీరే నింపి చూడండి. ఆ తర్వాత, నిజంగా వాడేవారు ఒకరితో నింపించండి.

నింపిన ఫారం ఎక్కడికి చేరుతుందన్నది కూడా ముందే తేల్చుకోవాలి. సహోదరి తన గదిలో ఒంటరిగా కూర్చుని నింపిన ప్రార్థన అవసరతను ఆఫీసులో నలుగురు తెరిచే ఈమెయిల్‌కు రప్పిస్తే, పక్క మనిషికి బదులు నలుగురికి చెప్పినట్టే. దానికి వేరే చిరునామా ఉండాలి, దాన్ని ఎవరు తెరుస్తారో ఫారం మొదట్లోనే రాయాలి. ఆదివారం ప్రకటనల్లో, కాగితం ఫారం కావలసినవారు వెనుక బల్ల దగ్గర తీసుకోవచ్చని చెప్పేటప్పుడే, కంప్యూటర్‌లో నింపే ఫైలు కావలసినవారు ఏ నంబరుకు మెసేజ్ పెట్టాలో కూడా చెప్పండి.