మన ఇంట్లో గస్తీ నిషాన్ ఉందా?

రోజూ పొద్దున్నే పాలు కాచి, గిన్నె మీద మూతపెట్టి, ఇంట్లోవాళ్ళు లేవకముందే చెప్పులేసుకుని బయటపడతాను. లాలాగూడ నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా యూనివర్సిటీ లోపలికి నడక. మేం నలుగురు ఆడవాళ్ళం. ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్ళి, ఆ మెట్ల మీద కాసేపు కూర్చుని, ఎండ ముదరకముందే తిరిగొస్తాం.

నడక సంగతి ఎలా ఉన్నా కబుర్లకి మాత్రం లోటుండదు. మోకాళ్ళ నొప్పులు, పిల్లల ఫీజులు, గ్యాస్ బండ ధర, మంచినీళ్ళ పంపు, మా ఎమ్మెల్యే, దేశాన్నేలే పెద్దలు... ఎవరినీ వదిలిపెట్టం. పకపకా నవ్వుకుంటాం. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా చుట్టుపక్కల ఎవరున్నారో చూసుకుని మాట్లాడిన గుర్తు లేదు.

ఇదేమన్నా పెద్ద విషయమా అంటారేమో. నేనూ అలాగే అనుకునేదాన్ని. మా అమ్మమ్మ గుర్తొస్తే మాత్రం ఇదే చాలా పెద్ద విషయం అనిపిస్తుంది.

పొయ్యి ముట్టించని రాత్రులు

అమ్మమ్మది నల్గొండ జిల్లాలో ఒక పల్లెటూరు. రజాకార్ల గొడవల నాటికి ఆమెకి పదహారేళ్ళు. చివరి రోజుల్లో లాలాగూడలో మా దగ్గరే ఉంది. మనిషి చాలా ధైర్యస్తురాలు. పాము కనబడినా అరిచేది కాదు. కానీ ఒక అలవాటుండేది. కాస్త ముఖ్యమైన మాట చెప్పాలంటే ముందు లేచి కిటికీ మూసేది. పోపు పెట్టేముందు కూడా వంటింటి కిటికీ రెక్క వేసేసేది. ఎండాకాలమైనా సరే!

"ఎందుకమ్మమ్మా, ఉక్కపోసి చస్తున్నాం" అని విసుక్కుంటే ఒకసారి చెప్పింది.

"రాత్రిపూట ఊరి మీద పడ్తున్నరని తెలిస్తే మొగోళ్ళంత జొన్న చేన్లల్ల దాక్కునేది బిడ్డా. ఆడోళ్ళం పొయ్యి ముట్టిచ్చెటోళ్ళం గాదు. పొగ లేస్తే ఇంట్ల మంది ఉన్నరని ఎర్కయితది గద. పొద్దటి గట్క ఇంత సల్లల కలుపుకొని, చీకట్లనె తిని పండుకునేది. పిల్లలు ఏడిస్తె నోరు మూసేది."

అప్పటికి ఆ రోజులు గడిచి యాభై ఏళ్ళు దాటింది. పరిపాలన మారింది, జెండా మారింది, ఊరు మారింది. ఆవిడ వంటింటి కిటికీ మాత్రం తెరుచుకోలేదు. భయం ఒకసారి వంటింట్లోకి వచ్చిందంటే, తెచ్చినవాళ్ళు పోయినా అది పోదండీ.

పాట పాడితే చదువు పోయింది

మేం కూర్చునే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో మొదలైంది. నిజాం ప్రభువు కట్టించిందే, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. మా లాలాగూడ రైల్వే వర్క్‌షాపూ నిజాం కాలం నాటిదే, 1893లో పెట్టారు. మంచి పనులు జరగలేదని ఎవరూ అనరు. కానీ భవనాలు కట్టిన చేతులే నోళ్ళు కూడా కట్టేశాయి.

ఆ రోజుల్లో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. అంటే 53వ నంబరు సర్క్యులర్ అన్నమాట. ముందుగా అనుమతి తీసుకోకుండా సభ పెట్టడానికి వీల్లేదు. సొంతంగా బడి పెట్టుకోవాలన్నా అనుమతే. జనంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, యూనివర్సిటీలో చదువు చెప్పేది ఉర్దూలో.

1938లో ఉస్మానియా హాస్టళ్ళలో పిల్లలు వందేమాతరం పాడారు. పాడొద్దన్నారు. వినకపోయేసరికి కాలేజీల నుంచి వందలమందిని వెళ్ళగొట్టారు. కన్నవాళ్ళని, ఊరిని వదిలి ఎంతోమంది నాగపూర్ వెళ్ళి చదువుకున్నారు. తర్వాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు కూడా అలా వెళ్ళినవారే. రామచంద్రరావు అనే ఆయన జైల్లో కొరడా దెబ్బ పడినప్పుడల్లా వందేమాతరం అన్నాడట. జనం ఆయన్ని వందేమాతరం రామచంద్రరావు అనే పిలుచుకున్నారు.

అదే క్యాంపస్‌లో 1969లో, మళ్ళీ 2009 తర్వాత పిల్లలు గుంపులు గుంపులుగా చేరి గొంతులు చించుకుని పాడారు, నినాదాలిచ్చారు. అప్పుడూ లాఠీలు లేచాయి, కాదనను. అయినా వాళ్ళ పాట మన ఇళ్ళ దాకా వినబడింది. మర్నాడు పేపర్లో వచ్చింది. తేడా అక్కడ ఉంది.

ఇక పల్లెటూళ్ళలో గడీల దొరతనం సంగతి చెప్పనే అక్కర్లేదు. దొర ఇంట్లో పనంటే కూలీ అడక్కుండా పరుగెత్తాల్సిందే. దాన్నే వెట్టి అన్నారు. తన ఇంట్లో వంట ఎప్పుడు చేసుకోవాలో కూడా ఆ ఇల్లాలి చేతిలో లేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న పొలంలో పంటని దొర మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం వాళ్ళ అండతో ఆవిడ ఎదురు నిలబడి గింజలు ఇంటికి తెచ్చుకుంది. 2024లో కోఠీ మహిళా యూనివర్సిటీకి ఆవిడ పేరు పెట్టారని పేపర్లో చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. వడ్లు దక్కించుకోవడమంటే స్వాతంత్ర్యమే కదండీ మన ఆడవాళ్ళ భాషలో!

ఇంకో మాట. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితోపాటే మహిళా సభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షత వహించారు. సభ అంటేనే అనుమానంగా చూసే రోజుల్లో ఆడవాళ్ళు గడప దాటి వచ్చి కూర్చున్నారు. మనం కిట్టీ పార్టీకి వెళ్తూ ఏ చీర కట్టుకుందామా అని ఆలోచిస్తాం. వాళ్ళు ఏమాలోచించుకుని బయల్దేరారో!

భయానికి మతం లేదు

ఇదంతా ఒక మతంవాళ్ళ మీద కోపంతో చెప్తున్నానని అనుకోవద్దు. మా నడక బృందంలో ఒకావిడ ముస్లిం. రంజాన్ నెలలో నడకకి రాదు కానీ పండగనాడు షీర్ కుర్మా తప్పకుండా పంపిస్తుంది. రజాకార్లని ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో చంపేసింది ఎవరిని? ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లాఖాన్‌ని. ఆ సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిసింది. తర్వాత కొన్ని జిల్లాల్లో ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాలు నానా బాధలూ పడ్డాయి. అప్పుడు వాళ్ళ ఇళ్ళలో కూడా పొయ్యి ముట్టించడానికి భయపడే ఉంటారు. అమ్మమ్మ లాంటి అమ్మమ్మలు వాళ్ళకీ ఉన్నారు.

మన కాలంలోనూ...

"అది రాజుల కాలం, ఇప్పుడేముంది" అనుకోకండి. స్వతంత్రం వచ్చాక కూడా 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు. 1977 మార్చిలో గానీ తీసెయ్యలేదు. పేపర్లో ఏం రాయాలో సెన్సారు వాళ్ళు చెప్పేవారు. మా అమ్మకి రేడియో అంటే ప్రాణం. కిశోర్ కుమార్ పాటలు ఉన్నట్టుండి రేడియోలో రావడం మానేశాయని ఇప్పటికీ చెప్తుంది. ప్రభుత్వ ప్రచారానికి పాడటానికి ఆయన ఒప్పుకోలేదట. అంట్లు తోముకుంటూ పాట వినే ఆ ఇంత సుఖం కూడా పైవాళ్ళ దయ మీద ఉండాల్సి వచ్చింది.

పాటే కాదు, ప్రాణాలే పోయినవాళ్ళున్నారు. నాటకాల్లో పేరు తెచ్చుకున్న స్నేహలతారెడ్డి గారు, మన తెలుగు కవి పఠాభి గారి భార్య. 1976 మే నెలలో పట్టుకెళ్ళి బెంగుళూరు జైల్లో పెట్టారు. ఆవిడకి ఉబ్బసం. సరైన వైద్యం లేక ఎనిమిది నెలలు ఊపిరాడక అవస్థ పడ్డారు. 1977 జనవరి 15న వదిలారు. 20వ తేదీన ప్రాణం పోయింది. ఇంటికొచ్చి అయిదు రోజులు! మా వదినకీ ఉబ్బసమే. ఇన్‌హేలర్ కనబడక ఒక్క నిమిషం వెతుక్కుంటేనే ఇల్లంతా అల్లాడిపోతాం. ఆవిడ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇక అఫ్ఘనిస్తాన్ సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. 2021 ఆగస్టులో తాలిబాన్లు వచ్చాక ఆరో తరగతి దాటి ఆడపిల్లల చదువు ఆపేశారు. 2022 నవంబరులో కాబూల్ పార్కుల్లోకి ఆడవాళ్ళు రాకూడదన్నారు. మర్నెలలో యూనివర్సిటీ తలుపులు మూశారు. 2023లో బ్యూటీ పార్లర్లు మూయించారు. మర్నాడు పొద్దున మా క్యాంపస్ చెట్ల కింద నడుస్తుంటే, పుస్తకాల సంచులు తగిలించుకుని హాస్టల్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఎదురయ్యారు. రోజూ కనబడేవాళ్ళే. ఆ రోజు మాత్రం ఆగి చూడాలనిపించింది.

మా ఇంట్లో కథ

ఇంతవరకూ చెప్పింది ఊళ్ళోవాళ్ళ సంగతి. ఇప్పుడు నా తప్పు చెప్పుకుంటాను.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. వాళ్ళ కాలేజీలో ఆడపిల్లల బాత్‌రూమ్ తలుపులకి గడియలు లేవట. ఒకళ్ళు లోపలికెళ్తే ఇంకొకళ్ళు బయట కాపలా. నీళ్ళు తాగితే వెళ్ళాల్సొస్తుందని పిల్లలు పొద్దుటి నుంచీ నీళ్ళే తాగడం లేదట. ఒకరోజు అన్నం తింటూ, "ప్రిన్సిపాల్‌కి లెటర్ రాసి అందరి చేతా సంతకాలు పెట్టిస్తాను" అంది.

నాకు గుండె దడదడలాడింది. "మనకెందుకే? మార్కులు కోసేస్తారు. అందరికీ లేని బాధ నీకెందుకు? నోరు మూసుకుని చదువుకో" అన్నాను. అంతటితో ఆగానా? ఫోన్ ఇలా ఇవ్వమన్నాను. ఎవరికి ఏం రాసిందో చూస్తానన్నాను. ఈ గొడవ తేలేదాకా ఫ్రెండ్స్ ఎవరూ ఇంటికి రాకూడదన్నాను.

అది కాసేపు నా మొహం వైపు చూసింది. అమ్మమ్మ కథలూ, నిజాం కథలూ నేను చెప్పగా విని పెరిగిన పిల్ల కదా. మెల్లగా అడిగింది.

"ఇది ఎన్నో నంబరు గస్తీ నిషాన్ అమ్మా?"

మా వారు ఫక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. సభ పెట్టొద్దు, మాట్లాడొద్దు, ఉత్తరాలు మేం చూస్తాం... నేను అన్నవి ఇవే కదా! ఇన్నేళ్ళూ ఎవరినో తిట్టాను. ఆ ఉత్తర్వు నా వంటింట్లో ఇంకా అమల్లో ఉందని తెలుసుకోలేదు. పిల్ల మీద ప్రేమతోనే అన్నాననుకోండి. అమ్మమ్మ చంటిపిల్లల నోరు మూసిందీ ప్రేమతోనే. కానీ అప్పుడు వాకిట్లో తుపాకులున్నాయి. ఇప్పుడేమున్నాయి?

మర్నాడు పొద్దున్నే దోసెలు వేస్తూ, "లెటర్ రాసి నాకు ఒకసారి చూపించు, తెలుగు తప్పులు లేకుండా చూస్తాను" అన్నాను. ఇరవై మంది సంతకాలు పెట్టారు. నెల తిరక్కుండా గడియలొచ్చాయి. మార్కులు ఎవరివీ తగ్గలేదు. నిజం చెప్పాలంటే, గడియలు రాకపోయినా ఆ ఉత్తరం రాయాల్సిందే అని ఇప్పుడనిపిస్తోంది.

మనం చేయగలిగినవి

దేవుడు ఇచ్చిన అన్నానికి దణ్ణం పెట్టుకుంటాం కదా, ఈ స్వేచ్ఛకి దణ్ణం ఎలా పెట్టాలి? నాకు తోచినవి చెప్తాను.

ఇంట్లో ముసలివాళ్ళుంటే, ఆ రోజులు చూసినవాళ్ళయితే, ఇప్పుడే అడిగి చెప్పించుకోండి. వాళ్ళు చెప్పే మాటలు ఏ పుస్తకంలోనూ దొరకవు.

అన్నాల దగ్గర అందరినీ మాట్లాడనివ్వండి. కోడలు కూరలో ఉప్పు ఎక్కువైందన్నా, కొడుకు మీ పార్టీకి ఓటెయ్యనన్నా కంచం విసరకండి.

పిల్లల డైరీ, ఫోను అడక్కుండా తియ్యకండి. అనుమానం వస్తే అడగండి. దొంగచాటుగా చదవడం ఇంట్లో పోలీసుని పెట్టడంతో సమానం.

ఓటు రోజున వంట త్వరగా ముగించి వెళ్ళి వేసి రండి. మీ ఓటు ఎవరికో మీ ఆయనకి చెప్పాలని ఎక్కడా లేదు!

అన్నిటికన్నా ముందు, రోజూ అనుభవించే చిన్న చిన్న సుఖాలని గుర్తుపట్టండి. మధ్యాహ్నం పని ముగిశాక చాప మీద వాలి పత్రిక తిరగేయడం, సంక్రాంతికి ఇరుగుపొరుగు అందరం కలిసి కబుర్లు చెప్పుకుంటూ సకినాలు చుట్టుకోవడం, తలుపు తీసిపెట్టి రేడియో గట్టిగా పెట్టుకోవడం, ఇష్టంలేని నాయకుణ్ణి కూరగాయల బండి దగ్గర నిలబడి తిట్టడం... వీటిలో ప్రతి ఒక్కదానికీ ఎక్కడో ఎవరో దెబ్బలు తిన్నారు.

అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడకి ఇష్టమని ఆ రోజు రాత్రి పచ్చిపులుసు చేశాను. నూనె కాగాక ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు వేసేముందు వంటింటి కిటికీ బార్లా తెరిచాను. చుయ్యిమంటూ ఘాటు వీధిలోకి వెళ్ళింది. పక్కింటావిడ గోడవతల దగ్గి, "ఏం పోపండీ అది, మా ఇంట్లో కూడా తుమ్ములే!" అంది.

నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. పొగ కనబడింది, ఇంట్లో మనుషులున్నారని తెలిసింది. తెలియనివ్వండి!

మరి మీ ఇంట్లో ఎన్ని గస్తీ నిషాన్లున్నాయో ఈ రాత్రి ఒకసారి లెక్కపెట్టి చూసుకుంటారు కదూ?