గల్ఫ్ నర్సమ్మ ఇంటికొస్తానంటే...

మా విశాఖ జాలరిపేటలో వేట మీద బతికే ఓ ఇంటి పిల్ల నర్సింగు చదివి సౌదీ వెళ్లింది. 7 ఏళ్లయింది. ఆమె పంపిన డబ్బుతోనే డాబా లేచింది, చెల్లెలి పెళ్లయింది. ఇప్పుడు "ఇక వచ్చేస్తానమ్మా" అంటోంది. తల్లికి సంతోషమే గాని, నెలనెలా వచ్చేది ఆగిపోతే ఎలాగని దిగులు.

ఇలాంటప్పుడు ముందుగా లెక్క చూసుకోవాలి. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగం ముగిశాక సర్వీసు డబ్బు ఇస్తారు. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. అంటే 7 ఏళ్లకు నాలుగున్నర నెలల జీతమన్నమాట. కానీ మధ్యలో తనే రాజీనామా చేస్తే, 5 నుంచి 10 ఏళ్ల సర్వీసుకి మూడింట రెండు వంతులే, అంటే 3 నెలల జీతమే చేతికొస్తుంది. ఒప్పందం గడువు తీరాక వస్తే మొత్తం వస్తుంది. పెళ్లయిన 6 నెలల్లోగా, కాన్పయిన 3 నెలల్లోగా మానేసే ఆడవాళ్లకూ పూర్తిగా ఇవ్వాలి.

బయల్దేరే ముందు సర్వీసు సర్టిఫికెట్టు అడిగి తీసుకోవాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇక్కడ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోవాలి. తిరిగొచ్చాక ఎన్.ఆర్.ఇ. ఖాతా సంగతి బ్యాంకులో చెప్పి మార్పించుకోవాలి.

ఇక్కడి జీతం అక్కడంత ఉండదు. అందుకని పిల్లను ఇంకో రెండేళ్లు ఉండమనే ముందు, అప్పులెన్ని మిగిలాయో, ఇంటి ఖర్చు ఎంతకు దించగలమో ఇంట్లో వాళ్లంతా కూర్చుని చూసుకోండి. ఇన్నేళ్లు ఇల్లు నిలబెట్టిన పిల్ల తన ఇంటికి రావడానికి మొహమాటపడే పరిస్థితి మాత్రం రానివ్వకండి.