మోకాలిలో స్టిరాయిడ్ సూది: చేసేదెంత, చేయనిదెంత

మోకాళ్ళ నొప్పులకు తెలుగునాట తరచుగా వినిపించే కారణం ఒక్కటే: “గుజ్జు అరిగిపోయింది.” ఈ మాటలో సగమే నిజం. ఆస్టియోఆర్థ్రైటిస్‌లో ఎముకల చివరలను కప్పే మృదులాస్థి పలచబడే మాట వాస్తవమే. అయితే మృదులాస్థిలో నాడులు లేవు. అరిగినంత మాత్రాన అది దానంతటది నొప్పి పుట్టించలేదు. నొప్పి ప్రధానంగా దాని అడుగునున్న ఎముక నుంచి, కీలు లోపలి గోడకు అస్తరులా ఉండే సైనోవియం పొర వాచినప్పుడు ఆ పొర నుంచి వస్తుంది. ఎక్స్‌రేలో కీలు బాగా అరిగినట్టు కనిపించే కొందరు హాయిగా నడవడానికీ, పెద్దగా అరుగుదల కనబడనివారు మెట్లెక్కలేకపోవడానికీ ఇదొక కారణం. స్టిరాయిడ్ సూదిమందు పనిచేసేది ఈ వాపు మీద. పోయిన గుజ్జును అది తిరిగి తేలేదు.

1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌తో కదలలేని ఒక స్త్రీకి కార్టిసోన్ ఇచ్చింది. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. ఆ మందుకు సంబంధించిన పరిశోధనకు 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. కానీ ఒళ్ళంతా పాకే మందు తెచ్చిపెట్టే దుష్ఫలితాలు త్వరలోనే బయటపడ్డాయి. 1951లో ఫిలడెల్ఫియా వైద్యుడు జోసెఫ్ హాలండర్ హైడ్రోకార్టిసోన్‌ను నేరుగా కీలులోకే ఎక్కించిన ఫలితాలను ప్రకటించాడు. నేడు విరివిగా వాడే ట్రయామ్సినలోన్ ఆ దశకంలోనే లెడర్లీ ప్రయోగశాలల్లో రూపొందింది. యల్లాప్రగడ సుబ్బారావు 1948లో మరణించేవరకు పరిశోధనకు సారథ్యం వహించిన సంస్థే అది.

మరి ఈ సూది ఎంతకాలం ఆదుకుంటుంది? 2015లో వెలువడిన కాక్రేన్ సమీక్ష మోకాలికి సంబంధించిన 27 అధ్యయనాలను పరిశీలించింది. తొలి ఒకటి రెండు వారాలలో ఉపశమనం చెప్పుకోదగినంత ఉంది. ఆరు వారాలకు తగ్గింది. ఆరు నెలలకు ఏమీ మిగలలేదు. ఆ అధ్యయనాల నాణ్యత కూడా అంతంతమాత్రమేనని సమీక్షకులే రాశారు. అయినా అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలు మోకాలికి, తుంటికి ఈ చికిత్సను గట్టిగానే సిఫారసు చేశాయి. ఇందులో వైరుధ్యమేమీ లేదు. కొద్దివారాల ఉపశమనానికి కూడా విలువ ఉంది, అది కొద్దివారాలదేనని ముందే తెలిస్తే.

చిక్కు వచ్చేది పదేపదే వేయించుకున్నప్పుడు. బోస్టన్‌లో జరిగి 2017లో ప్రచురితమైన ఒక పరీక్షలో, మోకాలి వాపు ఉన్న 140 మందిలో సగం మందికి ట్రయామ్సినలోన్, సగం మందికి ఉప్పునీరు మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్ళు ఎక్కించారు. స్టిరాయిడ్ పొందినవారిలో మృదులాస్థి 0.21 మి.మీ. తగ్గింది; ఉప్పునీటివారిలో 0.10 మి.మీ. నొప్పిలో మాత్రం గణనీయమైన తేడా కనబడలేదు. నొప్పిని మూడేసి నెలలకొకసారే కొలిచారు కనుక మధ్యలో వచ్చిపోయిన ఉపశమనం లెక్కకు అందలేదన్న విమర్శ సబబైనదే. పైగా ఆ పదో వంతు మిల్లీమీటరు తేడా రోగి నడకలో ఏ మేరకు కనిపిస్తుందన్నది వేరే ప్రశ్న. అయినా “ఏడాదికి నాలుగు సూదులు నిరపాయం” అన్న పాత ధీమాకు ఈ ఫలితం బీట పెట్టింది.

విదేశాల్లోని తెలుగు కుటుంబాలకు ఇది దూరపు చర్చ కాదు. ఆరు నెలలకు పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకు, విమానం ఎక్కేముందో దిగాకో ఒక సూది వేయించడం మామూలే. వారిలో మధుమేహం ఉన్నవారు చాలామంది. కీలులో వేసిన మందు కొంత రక్తంలోకీ చేరుతుంది; రెండు నుంచి ఐదు రోజులపాటు చక్కెర బాగా పెరగవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారు ఆ రోజుల్లో తరచుగా పరీక్షించుకోవాలి, మోతాదు గురించి వైద్యుని ముందే అడగాలి. ముఖం ఎర్రబారడం, ఒకటి రెండు రోజులు నొప్పి ఎక్కువ కావడం మామూలు. కీలులో చీము పట్టడం చాలా అరుదు. కాని జ్వరంతోపాటు మోకాలు వేడెక్కి వాచిపోతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళవలసిందే.

మోకాలి మార్పిడి శస్త్రచికిత్స ఆలోచన ఉన్నవారికి తేదీ ముఖ్యం. ఆపరేషనుకు ముందు మూడు నెలలలోపు సూది పడితే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుందని అధ్యయనాలు సూచిస్తున్నాయి. ఇండియాలో వేయించుకున్న సూది సంగతి ఇక్కడి సర్జనుకు చెప్పకపోవడం తరచుగా జరిగేదే. మందు పేరు, తేదీ ఉన్న చీటీ వెంట తెచ్చుకోవాలి. చాలామంది “గుజ్జు ఇంజెక్షన్” అని చెప్పేది సాధారణంగా హయలురోనిక్ ఆమ్లం. అది వేరే మందు.

వ్యాయామం మాటెత్తితే పెద్దలు పెదవి విరుస్తారు. అయితే అమెరికా సైనిక వైద్యశాలల్లో 156 మందిపై జరిగి 2020లో ప్రచురితమైన పరీక్షలో, 240 పాయింట్ల బాధ సూచికపై ఏడాది తరువాత ఫిజియోథెరపీ పొందినవారి సగటు 37.0, సూది పొందినవారిది 55.8. తక్కువ అంకె ఉన్నవారికే బాధ తక్కువ. సూది తగ్గించిన నొప్పిని ఆసరా చేసుకుని ఆ కొద్ది వారాలలో తొడ కండరాలకు బలం తెచ్చే వ్యాయామం మొదలుపెట్టించడమే చాలామంది ఫిజియోథెరపిస్టులు ఇచ్చే సలహా.