పర్ణశాల చెంత మన తోబుట్టువులు

భద్రాచలస్వామిని సేవించినవారు పర్ణశాలకును పోయి వచ్చుట వాడుక. అచట వాగులోని రాతిపై సీతమ్మ నారచీరల గుర్తులని చూపుదురు. ఇల్లు విడిచి యడవిలో కుటీరము కట్టుకొన్న యా తల్లిని తలచి మనము కన్నులొత్తుకొందుము. ఆ చుట్టుపట్ల యడవులలో నేడును గుడిసెలు వేసికొని బ్రదుకుచున్న యిల్లాండ్రను మాత్రము చూచియు చూడక వచ్చెదము.

వీరు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు సీమనుండి వచ్చిన గిరిజనులు. ఇచ్చటివారు వీరిని గుత్తికోయలందురు. 2005వ సంవత్సరమున అచట మావోయిస్టులపై సల్వాజుడుం ఆరంభమై, ఆ పోరులో ఊళ్లు తగులబడగా వేలకొలది జనులు సరిహద్దు దాటి నాటి ఖమ్మము జిల్లా యడవులను చేరిరి. గిరిజన యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగా ఆ పోరున దింపుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలై 5వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని కాలిన యిండ్లు తీర్పుతో తిరిగి లేవవు గదా!

వీరు పరదేశీయులు కారు. భారతపౌరులు దేశమున నెచ్చటనైనను నివసింపవచ్చునని రాజ్యాంగము 19వ అధికరణమున నున్నది. చిక్కంతయు కాగితములలోను, అడవి భూమిలోను కలదు. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రమునకొకటి యగుటచే, వలసవచ్చినచోట ఆ హోదా తనంత తాను రాదు. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము ప్రకారము పట్టా కోరు గిరిజనుడు 2005 డిసెంబరు 13కు పూర్వమే ఆ భూమిలో నుండవలెను. ఆ తేదీకి ముందు అక్రమముగా వెడలగొట్టబడినవారికి వేరుభూమితో పునరావాసము కల్పించు నిబంధనయు అందే కలదు. అయితే దానికి రుజువు చూపవలెను. ప్రాణములు దక్కించుకొని పరుగెత్తి వచ్చిన తల్లి యే కాగితము తెచ్చియుండును? ఇది యామె యొంటరిగా నెగ్గుకొనివచ్చు వ్యవహారము కాదు.

ఇట్టివారికే 1987వ సంవత్సరపు న్యాయసేవాధికారసంస్థల చట్టము కలదు. దాని 12వ సెక్షను ప్రకారము స్త్రీకి ఉచితముగా న్యాయవాది సాయము లభించును. కోర్టు రుసుములును పెట్టుకొననక్కరలేదు. ఆదాయమెంతయని యడుగరు, వ్యాజ్యమునకు తగిన ఆధారమున్న చాలును. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో గాని, మండల న్యాయసేవా సంఘములో గాని అర్జీ పెట్టవచ్చును. వ్రాయరానివారు నోటితో చెప్పుకొనవచ్చును. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను దారి చెప్పుదురు. ఈ హక్కు మనకును, మన యాడుబిడ్డలకును కలదని మరువకుడు.

మేము విన్నవించునది యొక్కటియే. మిరపకాయ కోతకు మీ చేనికి వచ్చిన యామెతో ఒకపూట మాటాడుడు. ఏయూరినుండి యెప్పుడు వచ్చినది, పిల్లలెచ్చట పుట్టిరి, అడిగి వ్రాసిపెట్టుడు. ఆమె మాట తెలిసినవారిని తోడిచ్చి పంపుడు. వకీలు ఖర్చు ప్రభుత్వమే పెట్టుకొనును. ఆ గడపదాక దారి చూపుట మన పని.