బోలు పలక

కేలిఫోర్నియాలో ఉంటున్న తెలుగువాళ్ళలో సర్ఫింగు చూడనివాళ్ళు ఉండరు. చుట్టాలొచ్చినప్పుడల్లా సాంతా క్రూజ్ తీసుకెళ్ళి, "అదుగో, కెరటాల మీద నిలబడి ఎలా వస్తున్నారో చూడండి" అని చూపించడం మనకి అలవాటే. నేనూ ఇరవై ఏళ్ళపాటు అలా ఒడ్డున నిలబడి చూపించినవాణ్ణే. ఆ కెరటాలెక్కే పలకని చెక్కతో, లోపల బోలుగా ఉండేటట్టు, మా అబ్బాయీ నేనూ ఎలా తయారు చేశామో చెప్పడానికే ఈ వ్యాసం.

మావాడు హైస్కూలు ముగించాడు. వేసవి దాటితే కాలేజీకి వెళ్ళిపోతాడు. సముద్రం దగ్గర ఒక షెడ్డులో అయిదు రోజుల పాటు ఈ పని నేర్పుతున్నారనీ, ఇద్దరం వెళ్దామనీ వాడే అడిగాడు. పదిహేనేళ్ళు నిండినప్పటినుంచీ కారు తాళాలు తప్ప వాడు నన్ను అడిగినది ఏదీ లేదు. వెంటనే సెలవు పెట్టాను.

ముందు కొంచెం చరిత్ర. కెరటాలెక్కడం హవాయి ద్వీపవాసుల విద్య. వాళ్ళ పొడవాటి పలకల పేరు ఓలో. వాటిని విలివిలి అనే తేలికైన కర్రతో చేసేవారు. 1885లో ముగ్గురు హవాయి రాజకుమారులు సాంతా క్రూజ్ వచ్చి, అక్కడి రెడ్‌వుడ్ కర్రతో పలకలు చేయించుకుని, శాన్ లొరెంజో నది సముద్రంలో కలిసే చోట కెరటాలెక్కారు. మనం చుట్టాల్ని తీసుకెళ్ళే రేవుకి అది కూతవేటు దూరం. అప్పటి పలకలు నిండు కర్ర. నలభై కిలోలు తూగేవి కూడా ఉండేవి. మొయ్యడమే ఒక కసరత్తు.

ఈ బరువు సంగతి తేల్చినవాడు టామ్ బ్లేక్, సముద్రమే లేని విస్కాన్సిన్‌లో పుట్టినవాడు. 1926లో హొనొలులులోని బిషప్ మ్యూజియంలో ఉన్న పాత ఓలోలకి నకలు చెయ్యబోయాడు. దుంగ మరీ బరువుగా ఉందని, దానికి వందలకొద్దీ బెజ్జాలు తొలిచి, ఆరనిచ్చి, పైనా కిందా పల్చటి చెక్కతో మూసేశాడు. తరవాత బెజ్జాలు మానేసి, విమానం రెక్కలో ఉన్నట్టు లోపల ఆసరాలు పెట్టి పైన చెక్క కప్పాడు. దానికి 1932లో పేటెంటు వచ్చింది. 1950లు ముగిసేసరికి ప్లాస్టిక్ నురుగు దిమ్మలు వచ్చి చెక్కని మూలకి నెట్టాయి. ఆ దిమ్మలు చేసే పెద్ద కంపెనీ క్లార్క్ ఫోమ్ 2005 డిసెంబరులో ఉన్నపళంగా మూతపడేసరికి, కొందరు మళ్ళీ చెక్క వైపు చూశారు.

బోలుగా ఉంటే విరిగిపోదా? నాకూ వచ్చింది ఈ అనుమానం. పలక వంగేటప్పుడు భారమంతా మోసేవి పైచర్మమూ అడుగుచర్మమూ. మధ్యనున్న కర్రకి పని తక్కువ. ఆ రెండు చర్మాలూ ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటే పలక అంత గట్టిగా ఉంటుంది. అయితే, అవి ఆ దూరంలోనే కదలకుండా ఉండాలి. వెదురుని చూడండి. లోపల ఏమీ లేదు, కాని కణుపులున్నాయి. మా పలకలో కణుపుల పని చేసేవి ప్లైవుడ్ ప్రక్కటెముకలు. తొమ్మిదడుగుల పలక ఘనపరిమాణం సుమారు 70 లీటర్లు. అంతా నిండు ఎర్ర సీడర్ అయితే దాదాపు 26 కిలోలు తూగాలి. మాది పూర్తయ్యాక 11 కిలోలు తూగింది.

షెడ్డులో మేం ఎనిమిది మందిమి, అయిదు పలకలు. రిటైరైన ఒక నర్సు, పైపులు బిగించే పనిచేసే అన్నదమ్ములు ఇద్దరు, ఒక బడి టీచరు... నాలాంటి సాఫ్ట్‌వేరు మనిషిని నేనొక్కణ్ణే. మొదటి రోజు చేప ముల్లు తయారు చేశాం. పొడుగ్గా ఒక వెన్నెముక, దానికి కోసిన గాళ్ళలో అడ్డంగా దిగే ప్రక్కటెముకలు. ఎండిన చేపని చూసినట్టే ఉంటుంది. రెండో రోజు, పావు అంగుళం మందం ఉన్న సీడర్ బద్దీలని పక్కపక్కన అతికి అడుగుభాగం చేసి, దాని మీద ఈ ముల్లుని జిగురుతో నిలబెట్టాం. మూడో రోజంతా పక్క అంచులే. సన్నటి బద్దీలు, ఒక అంచు గుండ్రంగా, రెండో అంచు పల్లంగా ఉంటుంది. ఒకదాని పల్లంలో ఇంకొకదాని గుండ్రం కూర్చుంటుంది. ముక్కు దగ్గర వంపు ఎక్కువ. తొందరపడితే బద్దీ టప్పున విరుగుతుంది. నేను రెండు విరిచాను. మావాడు ఒక్కటీ విరవలేదు.

ఆ సాయంత్రం పై చెక్కని చిత్రిక పడుతున్నాం. మావాడు పడుతుంటే చెక్క చీలికలుగా లేస్తోంది. నేను ఏమీ ఆలోచించకుండానే బద్దీని అటుదిటు తిప్పి పెట్టి, "ఇప్పుడు పట్టు" అన్నాను. చిత్రిక జారింది. ఉల్లిపొరలాంటి చుట్టలు రాలాయి.

"నీకెలా తెలుసు?" అన్నాడు.

"కర్ర పోగుకి ఎదురు పట్టకూడదు. మా నాన్న చేస్తుంటే చూశాను."

"తాతయ్యది బిజినెస్ కదా?"

మా నాన్న భీమిలిలో వడ్రంగి. తలుపులూ, కిటికీలూ, మంచాలూ చేసేవాడు. తెప్పలవాళ్ళు దుంగలు తెచ్చి చెక్కమంటే అదీ చేసేవాడు. తెప్పంటే తేలికపాటి దుంగలని పక్కపక్కన చేర్చి తాళ్ళతో కట్టినది; ఇంగ్లీషు వాళ్ళ కేటమరాన్ దీని తమిళ పేరు కట్టుమరం నుంచే వచ్చింది. నన్ను మాత్రం మా నాన్న ఉలి ముట్టనిచ్చేవాడు కాదు. "నీ పని పుస్తకం" అనేవాడు. బడి కాగితాల్లో తండ్రి వృత్తి అన్నచోట నేను "వ్యాపారం" అని రాసేవాణ్ణి. అమెరికా వచ్చాక ఎవరడిగినా అదే చెప్పాను. పెళ్ళయ్యాక పిల్లలకీ అదే చెప్పాను.

"బిజినెస్ కాదు. వడ్రంగి," అన్నాను.

"మరి ఎందుకు చెప్పలేదు?"

ఆ గొంతులో కోపం ఉంటే సర్దిచెప్పుకునేవాణ్ణి. కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "సిగ్గుపడ్డాను" అని చెప్పడానికి నాకు కొంతసేపు పట్టింది. వాడేమీ అనలేదు. చిత్రిక నా చేతికిచ్చి, "ఇటు పక్క నువ్వు పట్టు" అన్నాడు.

నాలుగో రోజు పైమూత వెయ్యాలి. గుంపుగా నేర్చుకోవడం ఎందుకో అప్పుడు అర్థమయింది. జిగురు రాశాక ఉన్న వ్యవధి పావుగంట. అంతలో మూత సరిగ్గా కూర్చోబెట్టి చుట్టూ నలభై, యాభై క్లాంపులు బిగించాలి. ఇద్దరి వల్ల కాదు. అందుకని ఎనిమిది మందీ ఒక్కొక్క పలక చుట్టూ చేరి, పెళ్ళిపందిరి వేసినట్టు అరుచుకుంటూ బిగించాం. మూసే ముందు లోపల పేర్లు రాసుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆ రాత ఇక ఎవరికీ కనబడదు. మావాడు తన పేరు రాసి పెన్సిలు నాకిచ్చాడు. నేను వెన్నెముక పక్కన మా నాన్న పేరు తెలుగులో రాశాను. వాడు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు, ఒత్తు దగ్గర ఆగి.

అయిదో రోజు అంచులు గుండ్రంగా చెక్కి గరుకు కాగితంతో రుద్దాం. పల్చటి గాజుగుడ్డ పరిచి ఎపాక్సీ పూయడం, అడుగున రెక్క పెట్టడం తరవాత మా గరాజులో చేసుకున్నాం.

ఇక ఒక హెచ్చరిక, నా తప్పు లోంచి పుట్టినది. బోలు పలకకి పైన చిన్న బిరడా ఉంటుంది. నీళ్ళలోకి దిగేముందు బిగించాలి, బయటకి రాగానే తియ్యాలి. లోపలి గాలి వేడెక్కితే వ్యాకోచించాలి కదా! దుమ్ము పోతుందని నేను బిరడా బిగించి, పలకని కారు మీద కట్టి, ఎండలో మూడు గంటలు వదిలేశాను. వచ్చి చూస్తే అంచు వెంబడి జానెడు అతుకు నోరు తెరిచింది. రాత్రి కూర్చుని లెక్క వేశాను. 15 డిగ్రీల దగ్గర మూసిన గాలి 50 డిగ్రీలకి చేరితే పీడనం 12 శాతం పెరుగుతుంది. చదరపు అంగుళానికి పౌనున్నర పైచిలుకే, కాని మూత వైశాల్యమంతా కలుపుకుంటే దాదాపు ఒకటిన్నర టన్నులు! ఇంజనీరునై ఉండి ముందు వెయ్యవలసిన లెక్క తరవాత వేశాను. మావాడు నవ్వాడు. ఇద్దరం కలిసి ఆ చీలికలో జిగురు నింపి, క్లాంపులు బిగించి, మళ్ళీ గాజుగుడ్డ వేశాం. ఆ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది.

మీ పిల్లలు ఇలాంటి పనికి రమ్మంటే వెళ్ళండి. ఉలి పట్టడం రాకపోయినా ఫరవాలేదు, నేర్పుతారు. నేను ఇంకా కెరటం మీద నిలబడలేను; బోర్లా పడుకుని ఒడ్డుకి రావడం మాత్రం వచ్చింది. మావాడు కాలేజీలో ఉన్నాడు. పలక గరాజులో గోడకి చేరేసి ఉంది. ఆదివారం ఫోను చేసినప్పుడు వాడు ముందు అడిగేది ఒక్కటే: "నాన్నా, బిరడా తీసే ఉందా?"