సగటు వాన చాటున దాగే కరువు

మన దేశంలో ఏటా సగటున సుమారు 1160 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అంకె చూస్తే లోటేమీ కనిపించదు. కానీ అందులో దాదాపు ముప్పాతిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. మేఘాలయలోని మాసిన్రామ్‌లో 11,000 మిల్లీమీటర్లు దాటితే, జైసల్మేర్‌లో సాధారణంగా అందులో యాభయ్యో వంతు కూడా ఉండదు. అనంతపురం వేరుశనగ రైతుకు ముఖ్యం ఏడాది మొత్తం కాదు, ఊడలు దిగి కాయ ఊరే వేళ నేలకు అందే పదును. అప్పుడు వారాల తరబడి మబ్బు ముఖం చాటేస్తే, తర్వాతి కుండపోత లెక్కను సరిచేస్తుంది గానీ పంటను తిరిగివ్వదు.

కాలువలు, బోర్లు లేవా అనవచ్చు. దక్షిణాది నదులకు మంచుకొండలు లేవు. వాటికీ ఆ వానే ఆధారం. అలాగని సగటు పనికిరానిది కాదు, ఏ నేలకు వరి, ఏ నేలకు కొర్ర తగునో చెబుతుంది. విత్తే రోజును మాత్రం చెప్పలేదు. అందుకే రైతుకిచ్చే సలహా, పంట బీమా రెండూ రెండు వానల మధ్య ఎడాన్ని కొలవాలి.